దారి చదును చేసే పని

క్రైస్తవ కుటుంబాలలో ‘పిలుపు’ అనే మాట తరచు వినిపిస్తూ ఉంటుంది. ఫలానా వారికి దేవుని పిలుపు వచ్చింది, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సేవలోకి వెళ్ళారు, అని చెప్పుకుంటారు. ఆ మాట విన్నవారికి పిలుపు అనేది పాస్టర్లకూ మిషనరీలకూ మాత్రమే వచ్చేదనీ, ఒకటో తారీఖు జీతం కోసం ఎదురుచూసే మనబోటి వారికి దానితో ప్రమేయం లేదనీ అనిపించడం సహజం. నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైబడి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. వేదాంత విద్య చదువుకున్నవాణ్ణి కాను. అయినా నాకూ ఒక పిలుపు ఉందనీ, అది నేను రోజూ కూర్చునే బల్ల దగ్గరే ఉందనీ తెలిసివచ్చిన వైనం మన పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఈ పత్రిక చదివేవారిలో అన్ని మతాల కుటుంబాలూ ఉన్నాయి కనుక కొన్ని సంగతులు మొదటినుంచీ చెబుతాను. తెలిసినవారు విసుక్కోవద్దని మనవి.

బైబిలులో బాప్తిస్మమిచ్చు యోహాను అనే ఆయన ఉన్నాడు. ఆయన తండ్రి జెకర్యా యెరూషలేము దేవాలయంలో యాజకుడు. ఆ రోజుల్లో యాజకత్వం వంశపారంపర్యంగా వచ్చేది. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, పుట్టుకతోనే పర్మనెంటు పోస్టు ఖాయమైన బిడ్డ అన్నమాట. యోహాను దాన్ని కాదనుకుని అరణ్యానికి వెళ్ళిపోయాడు. ఒంటె రోమాలతో నేసిన బట్ట, నడుముకు తోలు దట్టీ, తిండికి మిడతలూ అడవి తేనే. యొర్దాను నది ఒడ్డున నిలబడి, బతుకులు మార్చుకోండని జనానికి చెప్పి, ఒప్పుకున్నవారికి నదిలో స్నానం చేయించేవాడు. ఆయన సంగతి బైబిలులోనే కాదు, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాసిన గ్రంథంలో కూడా ఉంది. హేరోదు రాజు ఆయనను మకేరస్ కోటలో బంధించి చంపించాడని జోసెఫస్ రాశాడు.

జనం తండోపతండాలుగా వస్తుంటే పెద్దలు మనుషులను పంపి, నువ్వు క్రీస్తువా అని అడిగించారు. ఔనని ఉంటే నమ్మేవారు ఎందరో ఉండేవారు. ఆయన కాదన్నాడు. తాను కేవలం ఒక గొంతునని, తన వెనుక వచ్చేవాడికి దారి సిద్ధం చేయడమే తన పని అని చెప్పాడు. ఈ మాటకు మూలం అంతకు చాలా కాలం ముందటి యెషయా ప్రవక్త గ్రంథంలో ఉంది. పల్లాలు పూడ్చాలి, మెరకలు తగ్గించాలి, వంకరలు సరిచేయాలి అని అక్కడి వర్ణన. పూర్వం రాజు ప్రయాణం కట్టాడంటే ముందుగా పనివాళ్ళు వెళ్ళి బాట బాగుచేసేవారు. రాజు వచ్చేసరికి వాళ్ళు అక్కడ ఉండరు. ఆ పైన ఇంకో ఊరి దగ్గర పలుగూ పారా పట్టుకుని ఉంటారు.

ఈ దృశ్యం రామాయణం తెలిసిన మన ఇళ్ళకు కొత్తదేం కాదు. అయోధ్యకాండలో భరతుడు అన్నగారిని వెతుక్కుంటూ అడవికి బయలుదేరే ముందు దారి వేయడానికి పనివాళ్ళను పంపుతాడు. నేల కొలిచేవాళ్ళు, తవ్వేవాళ్ళు, చెట్లు కొట్టేవాళ్ళు, గుంటలు పూడ్చేవాళ్ళు, బావులు తవ్వేవాళ్ళు, వీళ్ళందరినీ వాల్మీకి మహర్షి ఓపికగా వర్ణిస్తాడు. వారిలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. భరతుడు మాత్రం ఆ దారినే నడిచాడు.

క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను చర్చిలలో ఆగమన కాలం అంటారు. ఆ వారాలలో ఏటా ఈ యోహాను కథ చదువుతారు. చిన్నప్పటినుంచీ వింటున్నదే అయినా, లూకా సువార్తలోని ఒక చిన్న భాగం మాత్రం నేను బ్యాంకులో చేరిన తరువాతనే నా చెవికి ఆనింది. నది దగ్గరకు వచ్చినవారు, మరి మేమేం చేయాలి అని యోహానును అడుగుతారు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలంటాడు. తరువాత పన్ను వసూలు చేసే గుమస్తాలు వస్తారు. ఆ కాలంలో వాళ్ళను జనం దొంగల కింద జమకట్టేవారు. ఈయన వాళ్ళతో ఉద్యోగం మానేసి అడవికి రమ్మని అనలేదు. నిర్ణయించిన దానికంటే ఒక్క కాసు కూడా ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు, అంతే. సిపాయిలకూ అంతే చెప్పాడు, ఎవరినీ బెదిరించి గుంజవద్దని, వచ్చే జీతంతో తృప్తిపడమని. తాను అరణ్యంలో ఉన్నాడు గాని, లెక్కలు రాసుకునేవాణ్ణి లెక్కల పుస్తకం దగ్గరికే తిరిగి పంపాడు. బ్యాంకు గుమస్తాకు ఇంతకంటే దగ్గరి మాట బైబిలులో మరొకటి ఉంటుందనుకోను.

ఇక నా సంగతి. మాది కోలారు బంగారు గనుల ఊరు. మన పాఠకులలో కర్ణాటక వారికి కె.జి.ఎఫ్. అంటే చాలు. చిత్తూరు వైపు నుంచి వలస వచ్చిన తెలుగువాళ్ళు, ఆర్కాటు వైపు నుంచి వచ్చిన తమిళులు, చుట్టుపక్కల కన్నడిగులు కలిసి బతికిన ఊరు. మూడు భాషలూ వీధిలో నేర్చుకున్నవే. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిన ఊరు మాది. గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్ళాయి. అక్కడ రాయి ముట్టుకుంటే వేడిగా ఉండేదని మా నాయన చెప్పేవాడు.

మా నాయన గనిలో టింబర్‌మన్. అంటే బండ పేల్చిన చోట కప్పు కూలకుండా దూలాలు నిలబెట్టే పని. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒకసారి, నీ పని ఏంది నాయనా అని అడిగాను. “ముందర మేము పోయి కప్పు తట్టి చూస్తాము. పగిలిన బండ ఉంటే తట్టినప్పుడే శబ్దం తెలిసిపోతుంది. దూలాలు నిలబెట్టి మేము సరే అన్నాకనే వెనకాల డ్రిల్లు పట్టుకోనొచ్చే వాళ్ళు లోపలికి వచ్చేది” అన్నాడు. మరి బంగారం చూశావా అంటే నవ్వాడు. “ముప్పైనాలుగేండ్లు పొయ్యొచ్చినా. రాయి చూసినా, కొయ్య చూసినా. బంగారం మీ అమ్మ మెళ్ళో ఉండేదే చూసింది.”

అప్పుడు ఆ మాటకు నేనూ నవ్వాను. దాని లోతు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

1991లో నేను బ్యాంకులో క్లర్కుగా చేరాను. అప్పటికి కంప్యూటర్లు మా బ్రాంచికి రాలేదు. పెద్ద పెద్ద లెడ్జర్లు, ఇత్తడి టోకెన్లు, సాయంత్రం బ్యాలెన్సు కుదిరేదాకా ఇంటికి పోయే మాట లేదు. నాకు మొదట అప్పగించిన పని కొత్త ఖాతాలు తెరిచే బల్ల. ఆ రోజుల్లో ఖాతా తెరవాలంటే ‘ఇంట్రడక్షన్’ కావాలి. అంటే అప్పటికే ఆ బ్రాంచిలో ఖాతా ఉండి, దాన్ని సక్రమంగా నడుపుతున్నవారు ఎవరైనా, ఈ మనిషి నాకు తెలుసు అని ఫారం మీద సంతకం చేయాలి. ఆ సంతకం లేకుండా కోటీశ్వరుడికైనా ఖాతా లేదు.

చదువుకున్నవారికి, వ్యాపారస్తులకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. కార్మికుల లైన్లలో ఉండే ఆడవాళ్ళకూ, ఇళ్ళలో పనిచేసుకునేవాళ్ళకూ, కూరగాయలు అమ్మేవాళ్ళకూ అది ఎత్తయిన గోడ. వాళ్ళకు తెలిసినవాళ్ళెవరికీ బ్యాంకులో ఖాతా ఉండదు. ఖాతా ఉన్నవాళ్ళకు వీళ్ళెవరో తెలియదు. చీటీల్లో, అప్పు ఇచ్చే షావుకారు దగ్గర డబ్బు పోగొట్టుకునేది వీళ్ళే. నేను పుట్టి పెరిగిన ఊరు కాబట్టి నాకు వాళ్ళు తెలుసు. నా సొంత ఖాతా ఉంది. మేనేజరుగారిని అడిగితే, నీకు నిజంగా తెలిసినవాళ్ళయితే నువ్వే సంతకం పెట్టవచ్చు, కానీ బాధ్యత నీది అన్నారు. అలా ఎందరికో ఇంట్రడక్షన్ సంతకం చేశాను. ఇల్లు చూసి వచ్చి, విచారించుకుని మరీ చేశాను. దేవుని దయవల్ల ఆ సంతకాల వల్ల నాకు ఏ చిక్కూ రాలేదు.

ఒక డిసెంబరులో చర్చిలో యోహాను కథ చదువుతుంటే నాకు ఆ ఫారం కళ్ళముందు కనబడింది. పరిచయం చేసినవాడి సంతకం ఫారంలో కింది మూల ఉంటుంది. ఖాతా అతనిది కాదు. అందులో పడే డబ్బు మీద అతనికి హక్కు లేదు. బ్యాలెన్సు ఎంతో అడిగినా చెప్పము. ఖాతా తెరిచిన మరుక్షణం నుంచి అతనితో పని లేదు. కానీ అతని సంతకం లేకపోతే ఆ గుమ్మం దాటడం లేదు. యోహాను చేసింది ఇదే కదా అనిపించింది. తన శిష్యులు ఇద్దరికి యేసును చూపించి ఈయనే అన్నాడు. వాళ్ళు ఈయనను వదిలి ఆయన వెంట వెళ్ళిపోయారు. యోహాను వాళ్ళను ఆపలేదు.

2001 ఫిబ్రవరి నెలాఖరున గనులు మూతపడ్డాయి. నూరేళ్ళకు పైగా నడిచిన పని ఆగిపోయింది. మా నాయన అప్పటికే రిటైరయ్యాడు గాని, చుట్టూ ఉన్న కుటుంబాలకు దారి మూసుకుపోయింది. తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోవడం, రాత్రికి తిరిగి రావడం వేలమందికి అలవాటైంది. నేను అప్పటికి ఆఫీసరునయ్యాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ముగ్గురో నలుగురో కూర్చుని ఉండేవారు. ఒకరి చేతిలో పింఛను కాగితాలు. ఇంకొకరికి పేరులో ఒక అక్షరం తేడా, అందువల్ల డబ్బు ఆగిపోయింది. వచ్చిన మొత్తం ఎక్కడ దాచాలని ఒకరు, కొడుకుకు ఏ పరీక్ష రాయించాలని ఒకరు.

ఆ రోజుల్లోనే నాకు లోపల ఒక కలవరం మొదలైంది. ఊరు ఇలా ఉన్నప్పుడు ఉద్యోగం వదిలి పూర్తిగా దేవుని పనిలోకి వెళ్ళాలా అని. 2003లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా తెలుగు చర్చి పాస్టరు అయ్యగారి దగ్గర కూర్చుని ఈ మాట చెప్పాను. బైబిలు కాలేజీకి సిఫారసు ఉత్తరం అడగాలన్నది నా ఉద్దేశం. ఆయన అంతా విని, “నీ అరుగు మీదికి జనం దేనికి వస్తున్నారయ్యా?” అని అడిగారు. కాగితాల కోసం అన్నాను. “ప్రసంగం వినడానికి ఎవరైనా వచ్చారా?” లేదన్నాను. ఆయన చిన్నగా నవ్వి, “పిలుపు ఆకాశంలోంచే వినబడాలని లేదు. వీధి తలుపు దగ్గర కూడా వినబడుతుంది. ముందు దానికి జవాబు చెప్పు” అన్నారు. సిఫారసు ఉత్తరం ఇవ్వలేదు. చర్చి వెనుక ఉన్న సండేస్కూలు గది తాళం చెవి ఇచ్చారు.

ఆ గదిలో శనివారం సాయంత్రాలూ, ఆదివారం మధ్యాహ్నాలూ పని మొదలుపెట్టాను. రెండే పనులు. ఒకటి, పెద్దవాళ్ళకు పింఛను, బ్యాంకు కాగితాలు సరిచేయడం. రెండు, పిల్లలకు బ్యాంకు పరీక్షల లెక్కలు, ఇంగ్లీషు నేర్పడం. నేను రాసి నెగ్గిన పరీక్ష కనుక దాని గుట్లు కొన్ని తెలుసు. ఫీజు లేదు. వచ్చినవారిలో ఎవరి మతం అడగలేదు, ఎవరికీ మతం బోధించలేదు. చర్చి గదిలో కూర్చుని ఇదేమిటని కొందరు పెద్దలు ఆక్షేపించిన మాట నిజం. దారి చదును చేసేవాడు దారిన పోయేవాణ్ణి ఎక్కడికి పోతున్నావని నిలదీయకూడదని నా అభిప్రాయం. వచ్చేవాడు తానే వస్తాడు. రాళ్ళు తీయడమే మన వంతు.

ఈ సందర్భంలో మన తెలుగు గడ్డ మీద జరిగిన ఒక కథ చెప్పాలి. తెలుగు క్రైస్తవ కుటుంబాలలో పెద్దలు చెప్పుకునే కథే. ఒంగోలు మిషన్ అనగానే అందరికీ క్లౌ దొరగారు గుర్తుకు వస్తారు. 1876-78 మధ్య వచ్చిన మహా కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. తిండి కోసం మతంలో చేరారనే మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం జరిగింది. చరిత్ర పుస్తకాలలో ఉండే అంకె అది.

కానీ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరకముందే అక్కడ ఒక మనిషి ఉన్నాడు. పేరు ఎర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్ళకొండపాడు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. అంతకుముందు యోగ మార్గంలో గురువులను ఆశ్రయించి సత్యం కోసం వెతికినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. విన్నదాన్ని మూటగట్టుకుని తిరిగి వచ్చి, తోళ్ళ బేరానికి తాను తిరిగే పల్లెల్లోనే చెప్పుకుంటూ పోయాడు. కొత్తగా వచ్చిన దొరగారు 1867 జనవరిలో తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి అక్కడ జనం సిద్ధంగా ఎదురుచూస్తున్నారు. ఆ ప్రయాణంలోనే 28 మంది బాప్తిస్మం పొందారు. పేరయ్య బేరానికి తిరిగిన దారులే దొరగారికీ దారులైనాయి. పేరయ్య వ్యాపారం మాని దారి వేయలేదు, వ్యాపారపు దారే ఆ పనికి పనికివచ్చింది. ఈ కథ ఎప్పుడు తలుచుకున్నా నాకు నా కౌంటరు గుర్తుకు వస్తుంది.

దీనికి మూల్యం లేదని మాత్రం అనుకోవద్దు. 2013లో నా తోటివారంతా పై స్కేలు ప్రమోషనుకు దరఖాస్తు పెట్టుకున్నారు. ప్రమోషను వస్తే వేరే రాష్ట్రానికి బదిలీ తప్పదు. మా అబ్బాయి అప్పుడే ఇంజనీరింగులో చేరాడు. నెలకు వచ్చే తేడా చిన్నదేం కాదు. రిటైరయ్యాక వచ్చే పింఛనులో కూడా ఆ తేడా జీవితాంతం ఉంటుంది. లెక్క వేయడం నా వృత్తి గనుక అంతా కాగితం మీద వేసి మా ఆవిడ ముందు పెట్టాను. ఆ ఏడు గదిలో ముప్పైకి పైగా పిల్లలున్నారు. ఐ.బి.పి.ఎస్. ఉమ్మడి పరీక్షలు 2011లో మొదలయ్యాక బ్యాంకు ఉద్యోగాలకు మంచి అవకాశం వచ్చిన కాలం.

మా ఆవిడ కాగితం చూసి, “దేవుడు మిమ్మల్నే ఉండమన్నాడా, మీకే ఆ గది వదలబుద్ధి కావడం లేదా? అది ముందు తేల్చుకోండి. మొదటిదయితే నాకేం అభ్యంతరం లేదు. రెండోదయితే మా పొట్ట కొట్టకండి” అంది. ఇంత సూటి ప్రశ్న నన్ను పాస్టరుగారు కూడా అడగలేదు. మూడు వారాలు ఆలోచించాను, ప్రార్థన చేశాను. నాకు ఆ గదిలో దొరికే గౌరవం అంటే ఇష్టమా? సార్, సార్ అని పిల్లలు చుట్టూ మూగడం ఇష్టమా? కొంత ఇష్టమే. అది అబద్ధమాడి లాభం లేదు. కాబట్టి ఒక షరతు పెట్టుకున్నాను. నేను లేకుండా ఆ గది నడవగలిగేలా తయారుచేయాలి, అలా తయారయ్యేదాకా ఉండాలి. ఉద్యోగాలు వచ్చిన పిల్లల్లో ఇద్దరిని పాఠాలు చెప్పడానికి కూర్చోబెట్టి, నేను వెనక బెంచీ మీదికి వెళ్ళాను. ఆ మాట చెబితే మా ఆవిడ, అయితే ఉండండి అంది. ఆ ఏడు దరఖాస్తు పెట్టలేదు. మా అబ్బాయి చదువుకు విద్యా ఋణం తీసుకున్నాం. వాడే ఉద్యోగంలో చేరి తీర్చాడు.

తరువాతి సంవత్సరం, 2014 ఆగస్టులో జనధన యోజన వచ్చింది. కనీస నిల్వ అక్కర లేకుండా ఎవరైనా ఖాతా తెరవవచ్చు. అప్పటికే పరిచయ సంతకం నియమం కూడా పోయింది, గుర్తింపు పత్రం, చిరునామా పత్రం ఉంటే చాలు. పాత రోజుల్లో నేను సంతకాలు చేసిన ఫారాలు ఏ రికార్డు గదిలోనో చెదలు తిని ఉంటాయి. ఆ సంతకంతో ఇక పని లేదని తెలిసినప్పుడు నాకు విచారం కలగలేదు. గోడే లేనప్పుడు నిచ్చెన ఎందుకు?

అసలు పరీక్ష 2021లో వచ్చింది. మా బ్రాంచికి కొత్తగా సీనియర్ మేనేజరు వచ్చారు. ఎవరో కాదు, మా గదిలో మూడేళ్ళు చదువుకున్న అమ్మాయి. వాళ్ళ తాతగారు గనిలో మా నాయనతో కలిసి పనిచేసినవాడు. వాళ్ళది హిందూ కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. 2012లో ప్రొబేషనరీ ఆఫీసరుగా ఎంపికై, ఊళ్ళు తిరిగి, మెట్లెక్కి, ఇప్పుడు నా పై అధికారిగా వచ్చింది. మొదటి రోజు నేను లేచి నిలబడి “గుడ్ మార్నింగ్ మేడమ్” అన్నాను. ఆ అమ్మాయి గాభరాపడి “సార్, మీరు కూర్చోండి” అంది. నేను కూర్చోలేదు. కుర్చీకి ఇవ్వవలసిన మర్యాద ఇవ్వాలి. ఏటా నా పనితీరు మీద రిపోర్టు రాయవలసింది ఆమె.

గుండెలో ముల్లు గుచ్చుకోలేదని చెబితే ఎవరూ నమ్మరు. ఆ రాత్రి యోహాను శిష్యుల కథ చదువుకున్నాను. గురువుగారూ, మీరు చూపించినాయన దగ్గరికే ఇప్పుడు అందరూ పోతున్నారు అని వాళ్ళు ఫిర్యాదు చేస్తారు. దానికి యోహాను పెళ్ళి ఉపమానం చెబుతాడు. పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డ స్నేహితుడికి పెళ్ళికూతురు మీద ఏం హక్కు ఉంటుంది, పెళ్ళికొడుకు గొంతు విని సంతోషించడమే అతని వంతు అంటాడు. ఆయన పెరగాలి, తాను తగ్గాలి అంటాడు. ఇది ఓడిపోయినవాడి మాట కాదు. పని పూర్తయినవాడి మాట. నేనైతే ఏ ప్రవక్తనూ కాను, ఆ అమ్మాయి నా శిష్యురాలినని కూడా అనుకోనక్కర లేదు. కానీ మా నాయన చెప్పిన కొయ్య దూలం మాట ఆ రాత్రి నాకు పూర్తిగా అర్థమైంది. కప్పు నిలిచింది, వెనకాల వచ్చినవాళ్ళు ముందుకు వెళ్ళారు. దూలం పని అంతవరకే.

మర్నాడు భోజనాల వేళ ఆ అమ్మాయి తన డబ్బా తెరిచి చింతకాయ పచ్చడి నా వైపు జరిపింది. “మా అవ్వ పంపింది సార్, మీకు ఇవ్వమని” అంది. వాళ్ళ అవ్వకు నేను 1993లో ఖాతా తెరిపించానట. నాకు గుర్తు లేదు.

అన్నీ ఇలా తీపిగా ముగుస్తాయని కాదు. ఉద్యోగం వచ్చాక మళ్ళీ కనబడని పిల్లలే ఎక్కువ. ఒక సంవత్సరమైతే గదికి ఇద్దరే వచ్చారు. 2020లో కరోనా వచ్చి పూర్తిగా మూతపడింది. ఎందుకొచ్చిన శ్రమ ఇది అనిపించిన రోజులు ఉన్నాయి. చెరసాలలో పడ్డ యోహానుకు కూడా సందేహం వచ్చింది. రావలసినవాడు ఈయనేనా, ఇంకొకరి కోసం చూడాలా అని మనుషులను పంపి అడిగించాడు. అలా అడిగినందుకు యేసు ఆయనను చిన్నబుచ్చలేదు. పైగా ఆయన గొప్పతనం గురించి జనంతో చెప్పాడు. పిలుపు ఉన్నవాడికి సందేహం రాకూడదని నియమం లేదని దానివల్ల నాకు ధైర్యం వచ్చింది.

నాకు ఎలా తెలుస్తుంది, నా పిలుపు ఏమిటో, అని మన యువకులు కొందరు అడుగుతుంటారు. నా అనుభవంలో తేలిన మూడు సంగతులు చెబుతాను. ఒకటి, మీ తలుపు దగ్గరికి జనం దేనికి వస్తున్నారో చూడండి. మనం ఇవ్వాలనుకునేది వేరు, వాళ్ళకు కావలసింది వేరు కావచ్చు. రెండు, ఆ పనికి మీ రోజువారీ ఉద్యోగం ఎలా ఉపయోగపడుతుందో చూడండి. పదహారో శతాబ్దంలో మార్టిన్ లూథర్ పిలుపు అనే మాటను మఠాలలోంచి బయటికి తెచ్చి, చెప్పులు కుట్టేవాడి పనికీ, ఇల్లు చూసుకునే తల్లి పనికీ కూడా వర్తింపజేశాడు. మూడు, మీరు లేకపోయినా ఆ పని సాగేలా చేస్తున్నారా లేదా అని ఏటా ఒకసారి లెక్క చూసుకోండి. ఈ మూడోది కష్టం. మనం కట్టిన వంతెన మీద మనమే కూర్చుని సుంకం వసూలు చేయాలనే కోరిక చాలామందికి ఉంటుంది.

సొంత గడ్డకు దూరంగా స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదనుకుంటాను. మనలో ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు ముందుగా వచ్చిన తాతో, మేనమామో ఉంటారు. ఆయన వచ్చి గది అద్దెకు తీసుకుని, పని వెతికి, ఊరికి ఉత్తరం రాస్తేనే మిగతావారు రైలెక్కారు. ఆయన ఏ పుస్తకంలోనూ లేడు. మనం ఈ ఊళ్ళలో ఉన్నామంటే ఆయన వేసిన దారి మీద వచ్చినవాళ్ళమే.

మా గది ఇప్పుడు మళ్ళీ నడుస్తున్నది. పాఠాలు చెప్పేది నేను కాదు. శనివారాలు నేను పింఛను కాగితాల బల్ల దగ్గర కూర్చుంటాను. నవంబరులో జీవన ప్రమాణ పత్రాల కోసం వచ్చే ముసలివాళ్ళతో రద్దీగా ఉంటుంది. వేలిముద్ర యంత్రం వాళ్ళ అరిగిపోయిన వేళ్ళను ఒక పట్టాన గుర్తించదు. చెయ్యి తుడిచి, మళ్ళీ పెట్టించి, మళ్ళీ పెట్టించి చూడాలి. కొంచెం ఓపిక కావాలి. మీ ఊళ్ళో కూడా ఇలాంటి బల్ల ఒకటి ఖాళీగా ఉండే ఉంటుంది. రిటైరైన మన సభ్యులు ఎవరైనా వెళ్ళి కూర్చుంటే బాగుంటుంది.